నిలబడితే వణికే బండి

రోడ్డెక్కితే ఎనభైలో కూడా నిమ్మళంగా పోయే కారు సెంటర్లో ఆగగానే ఎందుకు వణుకుతుంది? మార్కాపురంలోనో గిద్దలూరులోనో పదిహేనిరవై ఏళ్ల పాత కారు నడిపే ఎవరికైనా ఈ ప్రశ్న ఏదో ఒకరోజు ఎదురవుతుంది. ఏసీ వేస్తే ఇంజను మూలుగుతుంది. మలుపులో స్టీరింగు పూర్తిగా తిప్పితే ఆగిపోయినంత పని చేస్తుంది. పొద్దున్నే స్టార్టు చేస్తే మీటరు సూది వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య ఊగుతూనే ఉంటుంది. షెడ్డుకు తీసుకుపోతే మాటలు ఇలా నడుస్తాయి.

“అన్నా, స్లో నిలబడ్డంలేదు. స్క్రూ కాస్త తిప్పి చూడరాదా?”

“స్క్రూతో పొయ్యేది కాదులే సార్. ఇది ఎంపీఎఫ్‌ఐ బండి. కంప్యూటర్ పెట్టి చూడాల.”

ఎంపీఎఫ్‌ఐ అంటే కార్బరేటర్‌కు బదులు ఇంజెక్టర్లతో పెట్రోలు చల్లే బండి. కంప్యూటర్ పెట్టాక ఇంకో మాట వినబడుతుంది, సాఫ్ట్‌వేర్ మార్పిస్తే అన్నీ సర్దుకుంటాయని. నిజంగా సర్దుకుంటాయా? స్క్రూ చేసే పని కంప్యూటర్ చేతికి ఎందుకు పోయింది? ఆ కంప్యూటర్ లోపలి ఆదేశాలు తిరగరాస్తే వణుకు ఎప్పుడు పోతుంది, ఎప్పుడు పోదు? వీటికి జవాబు తెలిస్తే డబ్బు మిగులుతుంది. అంతకుమించి, బానెట్ కింద నిమిషానికి వందలసార్లు జరిగే ఓ అద్భుతమైన పని మన కంటికి కనబడుతుంది.

అన్నిటికన్నా కష్టమైన పని

యాక్సిలరేటర్ మీద కాలు లేకుండా, గేరు వేయకుండా ఇంజను తనంతట తాను తిరగడాన్ని ఖాళీ పరుగు అందాం. షెడ్డు భాషలో ఐడ్లింగు, లేదా స్లో. చూసేవాళ్లకు ఇంజను విశ్రాంతి తీసుకుంటున్నట్టే ఉంటుంది. అసలు సంగతి వేరు. ఇంజనుకు ఇంతకన్నా కష్టమైన పని మరొకటి లేదు.

వేడెక్కిన ఎంపీఎఫ్‌ఐ మారుతి 800 ఇంజను ఖాళీ పరుగులో నిమిషానికి 850 చుట్లు తిరుగుతోందనుకుందాం. దానికి మూడు సిలిండర్లు. ఒక్కో సిలిండర్లో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు మండుతుంది. అంటే మూడింట్లో కలిపి సెకనుకు 21 మంటలు. గంటకు అర లీటరు పెట్రోలు ఖర్చవుతుందనుకుంటే, ఒక్కో మంటకు దక్కేది దాదాపు 5 మిల్లీగ్రాములు. ఆ కాస్తనూ కొలిచి చల్లడానికి ఇంజెక్టర్ తెరుచుకునేది సెకనులో వెయ్యోవంతులు రెండో మూడో. అందులో ఒక్క మంట నీరసించినా ఇంజను తడబడుతుంది, సీట్లో కూర్చున్న మనకు తెలిసిపోతుంది.

రోడ్డు మీద ఎనభైలో పోతున్నప్పుడు ఇంజను నిమిషానికి మూడు వేల చుట్లకు పైగా తిరుగుతుంటుంది. గేరులో ఉన్న బండి బరువంతా ఊపుగా మారి ఇంజనును కూడా తిప్పుతూ ఉంటుంది. అక్కడ ఒక మంట తప్పినా ఆ ఊపులో కలిసిపోతుంది. ఆగి ఉన్నప్పుడు ఆ ఆసరా లేదు. తన రాపిడిని తానే గెలవాలి, ఆయిల్ పంపును తిప్పాలి, కరెంటు పుట్టించే డైనమోను లాగాలి. పుట్టే బలమంతా వీటికే సరి, వెనక మిగిలేది దాదాపు ఏమీ ఉండదు.

దీనికి తోడు ఇంకో చిక్కుంది. యాక్సిలరేటర్ తొక్కనప్పుడు గాలి దారిలో ఉండే గుండ్రటి రేకు, అంటే థ్రాటిల్, దాదాపు మూసుకునే ఉంటుంది. దాని వెనక గాలి ఒత్తిడి బయటి ఒత్తిడిలో మూడోవంతుకు పడిపోతుంది. సిలిండర్ వాల్వు తెరుచుకోగానే, అంతకుముందు మంటలో మిగిలిపోయిన కాలిన వాయువు కొంత వెనక్కి ఎగదన్ని కొత్త గాలిలో కలుస్తుంది. కాలిన వాయువు మళ్లీ మండదు. పైగా పక్కనున్న పెట్రోలును కూడా సరిగా మండనివ్వదు. అందువల్ల ఖాళీ పరుగులో ఒక మంట ఇంకో మంటకు సమానంగా ఉండదు. కొత్త కారులోనూ ఈ హెచ్చుతగ్గు ఉంటుంది. పాత కారులో అది చేతికి తగిలేంత పెరుగుతుంది.

రెండు స్క్రూల కాలం

1983 డిసెంబర్ 14న తొలి మారుతి 800 తాళాలు ఇందిరా గాంధీ చేతుల మీదుగా కొన్నాయనకు అందాయి. 796 సీసీ ఇంజను, పెట్రోలును గాలిలో కలిపే కార్బరేటర్. ఆ కార్బరేటర్ మీద ఖాళీ పరుగుకు రెండు స్క్రూలు. ఒకటి థ్రాటిల్ రేకు పూర్తిగా మూసుకోకుండా ఆపుతుంది, వేగం దాని చేతిలో ఉంటుంది. రెండోది ఖాళీ పరుగులో గాలితో కలిసే పెట్రోలును తగ్గించి పెంచుతుంది. చెవి తిరిగిన మెకానిక్ రెండో స్క్రూను మెల్లగా తిప్పుతూ ఇంజను చప్పుడు ఎక్కడ గట్టిగా, నున్నగా ఉందో పట్టుకుంటాడు. తర్వాత మొదటి స్క్రూతో వేగాన్ని కిందికి దించుతాడు. ఇదొక విద్య. దాన్ని తక్కువగా చూడాల్సిన పనిలేదు. ఆ చెవి ఈ రోజుకీ పనికొస్తుంది, ఎలాగో ముందు ముందు చూద్దాం.

అయితే స్క్రూకు ఒక లోపముంది. అది తిప్పిన రోజు వాతావరణానికి సరిపోతుంది. పొగగొట్టంలోంచి ఏం బయటికి పోతోందో దానికి తెలియదు. 2000 ఏప్రిల్ నుంచి దేశమంతా కొత్త కార్లకు పొగ నిబంధనలు బిగిశాయి. ఆ పొగను కడిగే కెటలిటిక్ కన్వర్టర్ కార్బన్ మోనాక్సైడును, కాలకుండా మిగిలిన పెట్రోలు ఆవిరిని, నైట్రోజన్ ఆక్సైడ్లను ఒకేసారి విరిచేస్తుంది. కానీ దానికో షరతు ఉంది. ఒక గ్రాము పెట్రోలుకు 14.7 గ్రాముల గాలి చొప్పున, ఇంచుమించు కచ్చితంగా అందాలి. దీన్ని సరిపాళ్లు అందాం. సరిపాళ్లకు ఏ కాస్త అటూ ఇటూ అయినా మూడింట్లో ఏదో ఒకటి మిగిలిపోతుంది.

అంత నికరంగా ఏ స్క్రూ పట్టుకోలేదు. పొగలో ఆక్సిజన్ మిగిలిందో లేదో చూసి చెప్పే ఆక్సిజన్ సెన్సర్ కావాలి. బాష్ కంపెనీ తయారుచేసిన ఆ సెన్సర్ 1976లో వోల్వో కార్లతో రోడ్డెక్కింది. మంట తర్వాతి కబురును మంట ముందుకు తీసుకొచ్చే ఈ ఏర్పాటును తిరుగుకబురు అనొచ్చు, ఇంజనీర్లు ఫీడ్‌బ్యాక్ అంటారు. కబురు విని లెక్క వేయడానికి ఒక చిన్న కంప్యూటర్ ఉండాలి. అదే ఈసీయూ. ఇంజను చుట్టూ ఉన్న సెన్సర్ల నుంచి కబుర్లు అందుకుని, పెట్రోలు ఎంత, గాలి ఎంత, నిప్పురవ్వ ఎప్పుడు అన్నది తేల్చే పెట్టె.

తూము దగ్గర లస్కరు

ఖాళీ పరుగులో ఈసీయూ చేసే పని కంభం చెరువును తలచుకుంటే బాగా పట్టుబడుతుంది. గుండ్లకమ్మ ఏటికి అడ్డంగా కొండల మధ్య విజయనగర కాలంలో కట్టిన చెరువది. 2020లో అంతర్జాతీయ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాకెక్కింది. అటువంటి చెరువుకు తూము పూర్తిగా దించేశారనుకోండి. అయినా కింది ఊరి పశువుల కోసం పిల్లకాలవలో రోజంతా ఒకటే మట్టం నీళ్లు ఉండాలి. అందుకని తూము పక్కనుంచి సన్నటి గొట్టం, దానికో మర, మర దగ్గర ఒక లస్కరు.

దించిన తూము థ్రాటిల్ రేకు. పక్క గొట్టం, రేకును దాటించి గాలిని పంపే సన్నదారి. మర, ఆ దారిలో ఒక చిన్న మోటారు ముందుకీ వెనక్కీ జరిపే మొన. దాన్ని ఐడిల్ వాల్వు అంటారు. కాలవలో నాటిన కొలతరాయి, ఇంజను ఎన్ని చుట్లు తిరుగుతోందో చెప్పే సెన్సర్. కొలతరాయి మీద చూపు పెట్టి మర తిప్పే లస్కరు ఈసీయూ.

మట్టం తగ్గితే లస్కరు మర కాస్త తెరుస్తాడు. పెరిగితే కాస్త మూస్తాడు. వినడానికి తేలికే. కానీ మర దగ్గర తిప్పిన నీళ్లు కొలతరాయి దాకా చేరడానికి కొంతసేపు పడుతుంది. తొందరపాటు లస్కరైతే ఇంకా మట్టం పెరగలేదేమని మరో చుట్టు తిప్పేస్తాడు. ఆ నీళ్లన్నీ ఒక్కసారి వచ్చి పడతాయి. కంగారుపడి గట్టిగా మూస్తాడు. కాసేపటికి కాలవ ఎండుతుంది. మట్టం కిందా మీదా ఊగుతూనే ఉంటుంది. మరీ నిదానస్తుడైతే పశువులు దాహంతో నిలబడతాయి. ఎంత తేడాకు ఎంత తిప్పాలి, తిప్పాక ఎంతసేపు ఆగాలి అన్నది లస్కరుకు ముందే చెప్పిపెట్టాలి. ఇంజను ట్యూనింగ్‌లో ఖాళీ పరుగును సరిచేయడమంటే ముఖ్యంగా ఈ రెండు అంకెల్ని సరిగా కుదర్చడమే.

మంచి లస్కరు మట్టం పడేదాకా ఊరుకోడు. పైన ఎవరో మోటారు పెట్టి నీళ్లు తోడబోతున్నారని కబురందితే ముందే మర తెరుస్తాడు. మీరు ఏసీ బటన్ నొక్కినప్పుడు జరిగేది ఇదే. ఆ కబురు మొదట ఈసీయూకు పోతుంది. అది గాలి పెంచి, ఆ తర్వాతే కంప్రెసర్‌ను కలుపుతుంది. ఏసీ వేయగానే ఇంజను కుంగి మళ్లీ లేస్తోందంటే ఈ ముందుచూపు సరిపోలేదన్నమాట.

లస్కరుకు జ్ఞాపకం కూడా ఉంటుంది. గొట్టంలో పూడిక పేరుకుందనుకోండి. నిరుడు రెండు చుట్లకు వచ్చిన నీళ్లు ఈ ఏడు మూడు చుట్లకు గాని రావు. ఆ సంగతి గుర్తుపెట్టుకుని రోజూ మూడు చుట్లతోనే మొదలుపెడతాడు. ఈసీయూ కూడా నేర్చుకున్న అంకెను దాచుకుంటుంది. చాలా పాత కార్లలో బ్యాటరీ వైరు విప్పితే ఆ జ్ఞాపకం చెరిగిపోతుంది. మొదట్నుంచి మళ్లీ నేర్చుకోవాలి.

లస్కరుకు లేని ఒక వసతి ఈసీయూకు ఉంది. గాలి మార్పు సిలిండర్లకు చేరేసరికి కొన్ని మంటలు దాటిపోతాయి. నిప్పురవ్వ సమయాన్ని మారిస్తే ఫలితం వెంటనే, ఆ మరుసటి మంటకే కనబడుతుంది. అందుకని ఖాళీ పరుగులో రవ్వను కావాలనే కాస్త ఆలస్యంగా పెడతారు. వేగం పడిపోబోతే రవ్వను ముందుకు జరిపి బలం తెస్తారు. నిదానమైన సర్దుబాటు గాలితో, చురుకైన సర్దుబాటు రవ్వతో. ఈ రెండు చేతుల పని పొందికగా సాగితేనే స్లో స్థిరంగా ఉంటుంది.

ఎండ, పలక పొడి, ఇరవై శాతం ఇథనాల్

ఇంజను పీల్చేది గాలి. మార్కాపురం, గిద్దలూరు వైపు గాలికి కొన్ని ప్రత్యేకతలున్నాయి. డిసెంబర్ పొద్దున 20 డిగ్రీలుండే గాలి మే మధ్యాహ్నం 44 డిగ్రీలైతే, అదే లీటరు గాలిలో ఉండే ఆక్సిజన్ దాదాపు 8 శాతం తగ్గిపోతుంది. మార్కాపురం నుంచి దోర్నాల మీదుగా శ్రీశైలం కొండెక్కితే సుమారు మూడు వందల మీటర్ల ఎత్తు పెరుగుతుంది. దానివల్ల తగ్గే గాలి మూడు నాలుగు శాతమే. ఘాటురోడ్డు కన్నా మన వేసవి ఇంజనుకు పెద్ద మార్పు. కార్బరేటర్‌కు ఈ మార్పు పూర్తిగా అందదు, చలికాలంలో బిగించిన స్క్రూ ఎండాకాలంలో పెట్రోలు ఎక్కువ పోస్తుంది. ఈసీయూకు గాలి వేడిని చెప్పే సెన్సర్ ఉంటుంది కాబట్టి లెక్క మార్చుకుంటుంది.

చలి సంగతి దోర్నాల చెక్‌పోస్టు దగ్గర చూడొచ్చు. నల్లమల అడవి దారిలో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా బండ్లను వదలరు. తెల్లారి గేటెత్తే వేళకు బారుగా నిలిచిన కార్లన్నీ చల్లారిన ఇంజన్లతో స్టార్టవుతాయి. చల్లటి లోహానికి తగిలిన పెట్రోలు కొంత ఆవిరి కాకుండా గోడలకు అంటుకుపోతుంది. అందుకని ఈసీయూ మొదటి నిమిషాల్లో పెట్రోలు ఎక్కువ పోస్తుంది, వేగం కూడా వెయ్యి దాటించి ఉంచుతుంది. ఇంజను వేడెక్కేకొద్దీ దించుతుంది. ఇంజను నీళ్ల వేడిని చెప్పే సెన్సర్ పాడై ఎప్పుడూ వేడిగానే ఉందని అబద్ధం చెబితే పొద్దున స్టార్టవడమే కష్టం. ఎప్పుడూ చల్లగానే ఉందని చెబితే పెట్రోలు నీళ్లలా ఖర్చవుతుంది, పొగ నల్లబడుతుంది. ఈ సెన్సర్ ధర ఎక్కువేం కాదు. దీనివల్ల వచ్చిన రోగానికి సాఫ్ట్‌వేర్ మార్చడం మాత్రం శుద్ధ దండగ.

దుమ్ము మాట ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మార్కాపురం పేరు చెబితే పలకలే గుర్తొస్తాయి. గనుల దగ్గరా కోత మిల్లుల దగ్గరా లేచే సన్నటి పొడి, దానికి తోడు మట్టిదారుల దుమ్ము. గాలి ఫిల్టర్ మారుస్తూ ఉన్నంతకాలం భయం లేదు. చిరిగిన ఫిల్టర్, సరిగా కూర్చోని మూత అయితే పొడి లోపలికి పోతుంది. ఇంజను అడుగునుంచి వచ్చే ఆయిల్ ఆవిరి థ్రాటిల్ రేకు వెనక జిడ్డుగా పడుతుంది. దానిమీద ఈ పొడి అంటుకుంటుంది. రబ్బరు గొట్టం విప్పి రేకును వేలితో తెరిచి చూస్తే, అంచు చుట్టూ నల్లటి వలయం కనబడుతుంది. గోటితో గీకితే గోరు జిడ్డవుతుంది, గరుకుగా తగులుతుంది. ఐడిల్ వాల్వు మొన మీద కూడా ఇదే. పాత కారు స్లో తగ్గిపోవడానికి నేను మొదట అనుమానించేది ఈ నల్లటి వలయాన్నే.

ఎండ చేసే మరో పని, రబ్బరు గొట్టాలను పగలగొట్టడం. థ్రాటిల్ వెనక ఉన్న ఏ సన్న గొట్టం పగిలినా దొంగదారిన గాలి లోపలికి పోతుంది. చాలా చిన్నకార్లలో ఈసీయూ లోపలి ఒత్తిడిని బట్టి గాలిని లెక్కిస్తుంది. దొంగగాలి వచ్చినా ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి దానికి తగ్గట్టు పెట్రోలు పోస్తుంది, వేగం పెరుగుతుంది. ఈసీయూ ఐడిల్ వాల్వును పూర్తిగా మూసేసినా వేగం దిగదు. కాలు తీసి ఉంది, వేగం మాత్రం ఎక్కువగా ఉంది. అంటే బండి దిగుడులో పోతోందని అనుకుని అది పెట్రోలు ఆపేస్తుంది. వేగం దభీమని పడుతుంది. మళ్లీ పోస్తుంది, మళ్లీ లేస్తుంది. వెయ్యికీ పదిహేను వందలకీ మధ్య సూది ఊగడానికి ఎక్కువసార్లు కారణం ఇదే. కంప్యూటర్ తనకు చెప్పినట్టే చేస్తోంది. గొట్టం పగిలింది.

ఇక పెట్రోలు. ఇరవై శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు 2023 ఫిబ్రవరిలో బంకుల్లోకి వచ్చింది, 2025 నాటికి దేశమంతటా అదే మామూలైంది. ఇథనాల్ అణువులోనే ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి దానికి బయటి గాలి తక్కువ చాలు. 14.7గా ఉన్న సరిపాళ్ల అంకె ఈ మిశ్రమానికి 13.5 దగ్గరికి దిగుతుంది. అంటే, అదే గాలికి 8, 9 శాతం ఎక్కువ ఇంధనం పోయాలి. ఆక్సిజన్ సెన్సర్ బాగా పనిచేసే ఈసీయూ బండి ఆ తేడాను తనే గమనించి సర్దుకుంటుంది. కార్బరేటర్ బండి సర్దుకోలేదు. స్లోలో పెట్రోలు చాలక తడబడుతుంది, దానికి స్క్రూ తిప్పక తప్పదు. నడిమి తరగతి ఒకటుంది: ఈసీయూ ఉన్నా ఆక్సిజన్ సెన్సర్ ముసలిదై మొద్దుబారిన బండ్లు. వాటి బాధ కొత్త పెట్రోలుతో ఎక్కువైంది. పాత రబ్బరు, సీళ్లు ఇథనాల్‌ను తట్టుకోలేకపోవడం ఇంకో సమస్య.

ఆదేశాలు తిరగరాయడం

ఈసీయూ లోపల రెండు రకాల సంగతులు రాసి ఉంటాయి. ఒకటి, ఎలా ఆలోచించాలో చెప్పే ఆదేశాలు. రెండు, అంకెల పట్టికలు. ఇంజను ఇన్ని చుట్లు తిరుగుతూ లోపలి ఒత్తిడి ఇంత ఉంటే ఇంజెక్టర్ ఇంతసేపు తెరవాలి అని అడ్డం, నిలువు గళ్లలో నింపిన అంకెలు. ఇంజను ఆఫ్ చేసినా, బ్యాటరీ తీసినా చెరిగిపోకుండా చిప్‌లో నిలిచే వీటిని కలిపి నిల్వ ఆదేశాలు అందాం. కంపెనీలవాళ్లు ఫర్మ్‌వేర్ అంటారు.

వీటిని మార్చడం ఎంత కష్టమన్నది ఏ చిప్ వాడారన్నదాన్ని బట్టి ఉంటుంది. 1971లో ఇంటెల్‌లో డోవ్ ఫ్రోమన్ తయారుచేసిన ఈప్రామ్ చిప్‌కు నడినెత్తిన గాజు కిటికీ ఉంటుంది. అతినీలలోహిత కాంతి దాని గుండా పడితే రాత చెరిగిపోతుంది. అప్పుడు కొత్తది రాయొచ్చు. దానికి ఈసీయూ విప్పాలి, చిప్ పీకాలి. తోషిబాలో ఫుజియో మసువోకా 1984లో లోకానికి చూపిన ఫ్లాష్ మెమరీ ఈ బాధ తీర్చింది. చిప్ కదలకుండానే కరెంటుతో చెరిపి తిరగరాయొచ్చు. స్టీరింగు కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కు ల్యాప్‌టాప్ తగిలించి నిమిషాల్లో ఈసీయూ ఆదేశాలు మార్చడం దానివల్లే సాధ్యమైంది.

కంపెనీలు ఎందుకు మారుస్తాయి? రాసిన ఆదేశాల్లో తప్పు బయటపడితే మారుస్తాయి. డీజిల్ పొగ పరీక్షలను సాఫ్ట్‌వేర్‌తో ఏమార్చిన వ్యవహారం 2015లో ప్రపంచమంతా బయటపడ్డాక, ఫోక్స్‌వాగన్ గ్రూపు మన దేశంలో 3,23,700 కార్లను వెనక్కి పిలుస్తున్నట్టు ఆ డిసెంబర్‌లో ప్రకటించింది. చాలావరకు చేయాల్సింది ఈసీయూ ఆదేశాలు తిరగరాయడమే. మనకు దగ్గరగా పెనుకొండ పక్కన ఎర్రమంచిలో కార్లు తయారుచేసే కియా, 2023లో 30,297 కారెన్స్ బండ్లను వెనక్కి పిలిచింది. ఇంజను సంగతి కాదది. స్టార్టు చేసినప్పుడు మీటర్లు చీకటిగా ఉండిపోయే ప్రమాదముందని వాటి సాఫ్ట్‌వేర్ మార్చారు. ఈ రెండు చోట్లా కారులో ఏదీ అరగలేదు, మూసుకుపోలేదు. పుట్టుకతోనే ఆదేశం తప్పు. అటువంటి రోగానికి తిరగరాతే మందు.

పదేళ్లు నున్నగా తిరిగి పదకొండో ఏట వణకడం మొదలుపెట్టిన బండిలో ఆదేశాలు మారలేదు. చిప్‌లో రాత అదే. మారింది గాలి దారి, రబ్బరు, స్పార్క్ ప్లగ్గు, వాల్వుల సందు. తిరగరాత అడిగేవాళ్లు ముందు ఈ తేడా చూడాలి. ఏసీ వేసినప్పుడు ఎండాకాలం మాత్రమే కుంగడం ఆ మోడల్ కార్లన్నింటిలో కొత్తప్పట్నుంచి ఉంటే కంపెనీ దగ్గర కొత్త ఆదేశాలున్నాయేమో కనుక్కోవడం న్యాయం. మీ ఒక్క బండిలో ఈ మధ్యే మొదలైతే కాదు.

తిరగరాసేటప్పుడు చూసుకోవాల్సినవి ఉన్నాయి. పని మధ్యలో బ్యాటరీ నీరసిస్తే, ల్యాప్‌టాప్ ఆరిపోతే, వైరు ఊడితే సగం పాతదీ సగం కొత్తదీ మిగిలి ఈసీయూ మూగదవుతుంది. అందుకే బ్యాటరీకి చార్జరు తగిలించే ఉంచాలి, ల్యాప్‌టాప్ నిండా చార్జి ఉండాలి, ఫ్యాను, లైట్లు, పాటలు అన్నీ ఆపేయాలి. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని చోట ఇది మరీ ముఖ్యం. ఈసీయూ మీద ఉన్న నంబరు, రాయబోయే ఫైలు నంబరు కలవాలి. పైకి ఒకేలా కనబడే రెండు కార్లకు లోపలి ఆదేశాలు వేరుగా ఉండొచ్చు. ఆన్‌లైన్‌లో కొన్న చవక బ్లూటూత్ ముక్క సెన్సర్ల అంకెలు చదవడానికి చక్కగా పనికొస్తుంది, ఆదేశాలు రాయడానికి దాన్ని నమ్మొద్దు. మైలేజీ పెంచుతుందంటూ అమ్మే చిప్పుల జోలికి అసలు పోవద్దు. వాటిలో కొన్ని గాలి వేడి సెన్సర్ వైరులో ఒక నిరోధం పెట్టి ఈసీయూకు అబద్ధం చెప్పడం తప్ప చేసేదేమీ లేదు.

కార్బరేటర్ బండికి సొంతంగా ఇంజెక్షన్ బిగించుకునే ఔత్సాహికుల లోకం ఒకటుంది. అమెరికాలో బ్రూస్ బౌలింగ్, అల్ గ్రిప్పో కలిసి మొదలుపెట్టిన మెగాస్క్వర్ట్, ఆ తర్వాత ఆర్డునో బోర్డు మీద నడిచే స్పీడుయినో ఈ కోవలోవి. వీటిలో ప్రతి అంకె మన చేతిలోనే ఉంటుంది. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కించాక పాత అంకెలు పాత గళ్లలోనే కూర్చుంటాయన్న హామీ లేదు. ముందు పాత పట్టికలు దాచుకోవాలి. ఎక్కించాక టైమింగ్ లైటు పెట్టి, నిప్పురవ్వ పది డిగ్రీల దగ్గరని కంప్యూటర్ అంటే ఇంజను మీద కూడా పదే కనబడుతోందా అని చూడాలి. ఆ తర్వాతే స్లో జోలికి వెళ్లాలి. నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి లేదనిపిస్తుంది నాకు. రోడ్డు మీద తిరిగే బండికైతే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా చూసుకోవాలి. కంపెనీ ఇచ్చిన తీరును ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని అది ఒప్పుకోదు.

ముందు గాలి, ఆఖర్న అంకెలు

స్లో సరిచేసే వరస ఏ బండికైనా దాదాపు ఒకటే. ఇంజను పూర్తిగా వేడెక్కనివ్వాలి, రేడియేటర్ ఫ్యాను ఒకసారి తిరిగి ఆగేదాకా. చెవి పెట్టి ఎక్కడైనా బుసకొడుతున్న శబ్దం ఉందా అని వినాలి. పాత మెకానిక్ చెవికి ఇక్కడ పనిపడుతుంది. సన్న గొట్టాలను ఒక్కొక్కటే ప్లయర్‌తో మెల్లగా నొక్కి పట్టి చూడాలి. ఏది నొక్కితే వేగం మారుతుందో దొంగగాలి ఆ దారిలో ఉంది. తర్వాత ఫిల్టర్, ప్లగ్గులు. ఆపైన థ్రాటిల్ రేకు, ఐడిల్ వాల్వు శుభ్రం చేయడం. ఇంజను చల్లబడ్డాక, నిప్పుకు దూరంగా, శుభ్రం చేసే స్ప్రేను గుడ్డమీద కొట్టుకుని తుడవాలి.

శుభ్రం చేసిన రోజు చాలామంది బెదిరిపోతారు. వేగం తగ్గాల్సింది పోయి పన్నెండు వందలకు ఎక్కి కూర్చుంటుంది. ఏదో పాడు చేశామనుకుంటారు. పాడవలేదు. గొట్టంలో పూడిక తీసేశారు, లస్కరు ఇంకా పాత అలవాటుతో మూడు చుట్లే తిప్పుతున్నాడు. బండిని బట్టి బ్యాటరీ వైరు కాసేపు విప్పి తగిలించడమో, స్కానర్‌తో నేర్చిన అంకె చెరపడమో చేసి, ఏసీ లేకుండా కొంతసేపు, ఏసీతో కొంతసేపు ఖాళీగా తిరగనివ్వాలి. ఆ తర్వాత కంభం దాకానో గిద్దలూరు దాకానో ఒకసారి మామూలుగా నడిపి రావాలి. థ్రాటిల్ పక్కన రంగు పూసి మూసిన చిన్న స్క్రూ ఒకటి కనబడుతుంది. దాన్ని ముట్టుకోకూడదు. థ్రాటిల్ పూర్తిగా మూసుకుందని ఈసీయూ తెలుసుకునేది ఆ చోటు నుంచే. అది కదిలితే కాలు తీశారన్న సంగతే దానికి తెలియకుండా పోతుంది, ఇక ఖాళీ పరుగు లెక్కల్లోకే రాదు.

అంకెలు మార్చే వీలున్న ఈసీయూ అయితే ఇప్పుడు పట్టిక తెరవాలి. తిరుగుకబురు ఆపేసి, ముందు వాల్వును ఒకచోట నిలిపి, పెట్రోలు, రవ్వ అంకెలతోనే ఇంజను నిలకడగా తిరిగేలా చూడాలి. స్లో చుట్టుపక్కల గళ్లలో అంకెలు ఒకదాన్నుంచి ఇంకోదానికి గెంతకుండా మెల్లగా మారాలి. వేగం పడిపోయే వైపు గళ్లలో రవ్వ కాస్త ముందుకు ఉంటే ఇంజను తనంతట తానే లేస్తుంది. ఇంత కుదిరాక తిరుగుకబురు కలపాలి, అది కూడా మెత్తగా. వట్టిగా నిలబడలేని ఇంజనును కంప్యూటర్ లాగి నిలబెట్టాలని చూస్తే సూది మళ్లీ ఊగుతుంది.

చివరికి చెవికి అందనిది పొల్యూషన్ పరీక్ష యంత్రం చెబుతుంది. చాలామంది సర్టిఫికెట్ జేబులో వేసుకుంటారు, దానిమీద అంకెలు చదవరు. చదవాలి. బీఎస్, అంటే భారత్ స్టేజ్ పొగ నిబంధనల్లో, 2కు ముందు తరం పెట్రోలు కార్లకు ఖాళీ పరుగులో కార్బన్ మోనాక్సైడ్ 3 శాతం, కాలని పెట్రోలు ఆవిరి పది లక్షల్లో 1500 వంతుల దాకా ఒప్పుకుంటారు. బీఎస్ 2, 3 కార్లకు అవి 0.5 శాతం, 750. బీఎస్ 4కు 0.3 శాతం, 200. వాటికి ఇంజనును 2500 చుట్ల దగ్గర పెట్టి, గాలి పెట్రోలు పాళ్లు సరిపాళ్లకు మూడు శాతం లోపల ఉన్నాయా అని కూడా చూస్తారు. మోనాక్సైడ్ ఎక్కువుంటే పెట్రోలు ఎక్కువ పడుతోంది: ఫిల్టర్, నీళ్ల వేడి సెన్సర్, ఆక్సిజన్ సెన్సర్, కారే ఇంజెక్టర్ చూడాలి. మోనాక్సైడ్ తక్కువుండి కాలని ఆవిరి మాత్రం ఎక్కువుంటే పెట్రోలు మండకుండానే బయటికి పోతోంది: ప్లగ్గు, ప్లగ్గు వైరు, కాయిల్, వాల్వుల సందు. రెండూ తక్కువుండి బండి ఇంకా వణుకుతుంటే ఈసీయూను వదిలేసి, ఇంజనును మోసే రబ్బరు దిమ్మెలను తడిమి చూడాలి. పగిలిన దిమ్మె మీద కూర్చున్న ఇంజను ఎంత సరిగా మండినా ఆ కదలికంతా బాడీకి అందుతుంది. ఒకరు గేరు వేసి, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి క్లచ్ కొద్దిగా వదిలితే ఇంజను ఎంత ఒరుగుతుందో పక్కన నిలబడి చూస్తే చాలు, ఏ దిమ్మె పోయిందో తెలుస్తుంది.